ఇండికా నుంచి టియాగో వరకు: చిన్న కారులో ఏం మారింది?

జంషెడ్‌పూర్: రైలు ఇంజిన్ల తయారీ కోసం 1945లో ఈ ఉక్కు నగరంలో టెల్కో సంస్థ ఆవిర్భవించింది. 1954లో డైమ్లర్-బెంజ్ సహకారంతో లారీల తయారీ చేపట్టింది. 2003లో టాటా మోటార్స్‌గా పేరు మార్చుకుంది. జంషెడ్‌పూర్ కర్మాగారం నేటికీ లారీలకే ప్రసిద్ధి. సంస్థ చిన్న కార్లలో ఇండికా పుణెలో, టియాగో గుజరాత్‌లోని సనంద్‌లో రూపుదిద్దుకున్నాయి.

కొలతలు

ఇండికా 1998 డిసెంబరులో విడుదలై, 2018 వరకు ఉత్పత్తిలో కొనసాగింది. టియాగో 2016 ఏప్రిల్‌లో వచ్చింది. రెండింటి పొడవూ దాదాపు 3.7 మీటర్లే. ముందు, వెనుక చక్రాల మధ్య దూరం రెండింటిలోనూ 2,400 మిల్లీమీటర్లు. అసలు తేడా ఇంజిన్, భద్రతల్లో ఉంది.

ఇంజిన్

తొలి ఇండికాకు 1,405 సీసీ పెట్రోలు, డీజిల్ ఇంజిన్లు ఉండేవి. డీజిల్ ఇంజిన్ శక్తి సుమారు 53 హార్స్‌పవర్. నాలుగు మీటర్లలోపు పొడవు, 1,200 సీసీలోపు పెట్రోలు లేదా 1,500 సీసీలోపు డీజిల్ ఇంజిన్ ఉన్న కార్లకు ఎక్సైజ్ సుంకాన్ని 2006 కేంద్ర బడ్జెట్ 24 శాతం నుంచి 16 శాతానికి తగ్గించింది. ఇండికా పెట్రోలు ఇంజిన్ ఈ పరిమితిని మించిపోవడంతో తర్వాత చిన్న ఇంజిన్ అమర్చారు. టియాగో మాత్రం ఆ పరిమితికి లోబడే 1,199 సీసీ పెట్రోలు ఇంజిన్‌తో వచ్చింది. మూడు సిలిండర్లే అయినా దాని శక్తి సుమారు 85 హార్స్‌పవర్. 2020లో బీఎస్-6 ప్రమాణాలు అమల్లోకి రావడంతో టియాగో డీజిల్ రకం నిలిచిపోయింది. 2022లో సీఎన్‌జీ, విద్యుత్ రకాలు వచ్చాయి.

భద్రత

తొలి ఇండికాలో ఎయిర్‌బ్యాగ్‌లు లేవు. దేశంలో కొత్త కార్లకు డ్రైవర్ ఎయిర్‌బ్యాగ్ 2019 జులై నుంచి తప్పనిసరైంది. అంతకు ముందే ఇండికా ఉత్పత్తి ముగిసింది. రెండు ఎయిర్‌బ్యాగ్‌లున్న టియాగోకు 2020లో గ్లోబల్ ఎన్‌క్యాప్ పరీక్షలో పెద్దల రక్షణకు ఐదింట నాలుగు, పిల్లల రక్షణకు మూడు నక్షత్రాలు దక్కాయి.

పాత కారు కొనేవారికి

సొంత కారు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు చెల్లుతుంది. ఆపై సామర్థ్య పరీక్షలో నెగ్గితే ఐదేళ్ల చొప్పున పునరుద్ధరిస్తారు. ఈ రుసుము 2022 ఏప్రిల్‌లో రూ.600 నుంచి రూ.5,000కు పెరిగింది. కాబట్టి తక్కువ ధరకు దొరికే పాత ఇండికాను బేరమాడేటప్పుడు దాని వయసు, పునరుద్ధరణ ఖర్చు, మరమ్మతులను లెక్కలోకి తీసుకోవాలి. రిజిస్ట్రేషన్‌ను పునరుద్ధరించుకోవచ్చు గానీ, తయారీలోనే లేని రక్షణను తర్వాత సమకూర్చుకోవడం ఆచరణలో సాధ్యం కాదు.