మండువా లోగిలి ఎవరి వారసత్వం?

పెనుగొండ చుట్టుపట్ల, ఆ మాటకొస్తే గోదావరి డెల్టా అంతటా, మండువా లోగిళ్లు ఒకటొకటిగా నేలమట్టమవుతున్నాయి. వీటిని నిలపాలా, పడగొట్టనివ్వాలా అన్న ప్రశ్న వచ్చినప్పుడు రెండు మాటలు వినవస్తాయి. పూర్వుల వైభవం అంతరించిపోతున్నదని విలపించేవారి మాట ఒకటి. భూస్వామి కొంప కూలితే మనకేమిటన్నది రెండవది. ఈ రెండవ మాట మన అభ్యుదయ వర్గాల్లోనే తరచు వినిపిస్తుంది గనుక దానినే ముందు పరీక్షించవలసి వున్నది.

లోగిలి అంటే ఏమిటి? వీధివైపు అరుగులు, లోపల నాలుగు వసారాల నడుమ ఆకాశానికి తెరచిన మండువా. నాలుగు వైపుల పెంకుకప్పులూ లోనికే వాలి వుంటాయి. వాననీరు మండువాలో పడి తూము గుండా బయటికి పోతుంది. గానుగ సున్నపు గోడలు, టేకు స్తంభాలు, నిలువెత్తు తలుపులు, వెనుక పెరడు, నుయ్యి, పశువుల సావిడి. చూడటానికి చల్లగా, అందంగా వుంటుంది. ఆ అందాన్ని కాదనటం మొండితనమే అవుతుంది. అయితే ఆ అందానికి ఖర్చు పెట్టినదెవరు?

1833 కరువుతోనూ, 1839 తుఫానుతోనూ చితికిపోయిన ఈ జిల్లాకు ధవళేశ్వరం ఆనకట్ట 1847లో మొదలై 1852లో పూర్తయింది. ఇప్పుడు మిగిలివున్న లోగిళ్లలో చాలా భాగం ఆ నీటితో పండిన ధాన్యం డబ్బుతో లేచినవే. అదే 1852లో ఇంగ్లీషువారు దిగువ బర్మాను ఆక్రమించుకున్నారు. ఈ రెండు సంఘటనలూ మన ఇళ్ల దూలాల్లో కలుసుకుంటాయి. బర్మా టేకు ఇక్కడి మోతుబరుల గుమ్మాలయింది. ఇక్కడ సెంటు భూమిలేని కూలీలు కాకినాడ రేవులో ఓడలెక్కి రంగూను మిల్లులకూ, రేవులకూ చేరారు. కలప అటునుంచి ఇటు వచ్చింది, మనుషులు ఇటునుంచి అటు పోయారు. 1942లో జపాను సేనలు వచ్చిపడినప్పుడు ఆ కూలీల్లో ఎందరో అడవుల వెంట కాలినడకన తిరిగి రావలసి వచ్చింది. ఇక కొండకలప సంగతి. మన్యం నుంచి దుంగలు గోదావరి మీద తేలుతూ రాజమండ్రి చేరేవి. 1882 మద్రాసు అటవీ చట్టం ఆ అడవిని కొండవారికి పరాయిది చేసింది. 1922–24లో అల్లూరి సీతారామరాజు వెంట నడిచినవారి కష్టాల్లో అడవి హక్కులు పోవటం ముఖ్యమైనది. ఇన్ని ప్రాంతాల చెమట ఒక్క స్తంభంలో వున్నప్పుడు, అది భూస్వామి ఒక్కడి జ్ఞాపకమని ఎట్లా వదిలివేస్తాం?

ఇంటి కట్టడిలోనే వర్గమూ, కులమూ రాసివున్నాయి. అరుగు దాకా ఎవరు, మండువా దాకా ఎవరు, పెరటి దారిన ఎవరు రావాలన్నది ఎవరూ నోటితో చెప్పనక్కరలేదు. గుమ్మాలే చెప్పేవి. పాలేరు సావిడి దాటి లోనికి రాడు. ఊరి బయటి పేటలవాడు గింజలు కొలిపించుకునేది పెరటి వాకిట్లోనే. అగ్రవర్ణపు ఇళ్లల్లో తల గొరిగించిన ఆడబిడ్డ బతుకు వెనుక గదికీ, నూతి పళ్లానికీ మధ్య గడిచిపోయేది.

కూలగొడుతున్నదెవరు? పట్నపు వ్యాపారి అని అనుకుంటాం గాని, అతడు చివరివాడు. మొదటి గునపం వేసింది ఉమ్మడి కుటుంబం చీలటమే. 1956 వారసత్వ చట్టం, ఆంధ్రప్రదేశ్ 1986లో తెచ్చిన సవరణ, 2005 కేంద్ర సవరణ ఆడపిల్లకు వాటా ఇచ్చాయి. మండువాను ముక్కలుగా కోయలేరు గనుక అమ్మి పంచుకుంటారు. ఇల్లు నిలవటం కోసం ఆడపిల్ల తన వాటా వదులుకోవాలని ఏ అభ్యుదయవాది చెప్పగలడు? ఇంటిమీద మమకారంతో మాట్లాడే పెద్దలు సరిగ్గా ఈచోటనే మౌనం వహిస్తారు.

ఆ తరువాత తలుపులూ, స్తంభాలూ విడివిడిగా బేరమై నగరాల హోటళ్లకు అలంకారాలుగా వెళుతున్నాయి. స్తంభం దక్కింది, సావిడి మట్టిలో కలిసింది. సంపన్నుని అభిరుచి మిగిలి, శ్రామికుని జాడ మాసిపోయింది.

నిలపదలచిన దానిని సమాజం నిలపగలదు. పెనుగొండలోనే నగరేశ్వరస్వామి, వాసవీ కన్యకాపరమేశ్వరి ఆలయం వుంది. 102 గోత్రాలవారు అగ్నిప్రవేశం చేశారన్న గాథ వెనుక ఒక వర్తక సమాజం సంఘటితంగా నిలిచింది, విరాళాలు వచ్చాయి. రాజమండ్రిలో, 1881 డిసెంబరు 11న తొలి వితంతు వివాహం జరిపించిన కందుకూరి వీరేశలింగం ఇల్లు ప్రభుత్వ రక్షణలో వుంది. హైదరాబాదులో ఎర్రమంజిల్‌ను కూల్చి శాసనసభ కట్టాలన్న మంత్రివర్గ నిర్ణయాన్ని 2019 సెప్టెంబరులో హైకోర్టు కొట్టివేసింది. నవాబు భవనానికి న్యాయవాదులు దొరికారు, సంతోషమే. దేవత, మహాపురుషుడు, నవాబు – ఈ ముగ్గురిలో ఎవరూ కాని ఇంటికి దిక్కేది? 1960 నాటి ప్రాచీన కట్టడాల చట్టం వున్నది గాని, ఊళ్లోని మామూలు లోగిలి దాకా దాని చూపు రాదు.

కనుక అన్నీ నిలపాలని నేననను. చెదపట్టిన దూలం కింద కాపురముండమని ఎవరినీ శాసించలేము. ప్రతి ప్రాంతంలో ఒకటి రెండు ఇళ్లను వారసులందరికీ, ఆడపిల్లలతో సహా, న్యాయమైన వెల చెల్లించి పంచాయతీయో ప్రభుత్వమో కొనాలి. గ్రంథాలయానికో, పాఠశాలకో ఇవ్వాలి. కొనేటప్పుడు సావిడినీ, పెరటి వాకిలినీ వదలకూడదు. తక్కినవి కూలేవే. కాని పెంకు దించకముందే మన కళాశాలల చరిత్ర విద్యార్థులు కొలతలు తీసుకోవాలి, పటం గీయాలి, పంపకాల దస్తావేజులకూ పాలేర్ల జీతపు లెక్కలకూ నకళ్లు రాసుకోవాలి. ఆ ఇంట పనిచేసిన ముసలివారింకా పేటల్లో వున్నారు. ఏ గుమ్మం దగ్గర తమను ఆపేవారో వారినే అడిగి, పటం మీద ఆ చోటు గుర్తించాలి.