అడవిపందుల వేటలో తూటాల ఎంపిక

'''అడవిపందుల వేటలో తూటాల ఎంపిక''' అనగా పంటలను నాశనం చేసే అడవిపందిని చట్టబద్ధమైన అనుమతితో కాల్చవలసి వచ్చినపుడు ఏ తుపాకిలో ఏ రకపు గుండు వాడవలెనన్న నిర్ణయం. భారతదేశంలో వినోదం కొరకు వేట నిషేధించబడినది. కావున ఇతర దేశాలలో వేటగాని అభిరుచికి సంబంధించిన ఈ విషయం ఇక్కడ పంట రక్షణకు, ప్రజల భద్రతకు, జంతువు అనుభవించే బాధకు సంబంధించినదిగా మారినది. రంగారెడ్డి జిల్లాలోని [[ఇబ్రహీంపట్నం]] వంటి ప్రాంతాలలో అడవి, చేను, ఊరు ఒకదానినొకటి ఆనుకొని ఉన్నందున ఈ ఎంపికకు ప్రత్యేక ప్రాధాన్యత కలదు.

వాడుకలో తూటా అనే మాట రెండు అర్థాలలో వినిపించును. తొడుగు, మందు, గుండు కలిసిన మొత్తం వస్తువును తూటా అంటారు. తుపాకి గొట్టం నుండి వెలువడి జంతువును తాకే భాగాన్ని కూడా తూటా అనే అంటారు. ఈ వ్యాసంలో మొదటిదానికి ''తూటా'' అని, రెండవదానికి ''గుండు'' అని వాడడమైనది.

== ఇబ్రహీంపట్నం పరిసరాలు ==
ఇబ్రహీంపట్నం హైదరాబాదు నుండి నాగార్జునసాగర్ వెళ్ళే రహదారిపై ఉన్నది. కుతుబ్‌షాహీల కాలం నాటి పెద్ద చెరువు ఇక్కడి ప్రధాన జలవనరు. చెరువు కింద వరి, మెట్ట భూములలో పత్తి, ఆముదం, కూరగాయలు పండిస్తారు. తూర్పున మంచాల మీదుగా [[రాచకొండ]] గుట్టలు, వాటి పొదల అడవులు ఉన్నాయి. పగలు గుట్టలలోను, తుమ్మ పొదలలోను పడుకొనే అడవిపందులు చీకటి పడిన తరువాత చేలలోకి దిగుతాయి. అవి తినేదానికంటే తొక్కి, త్రవ్వి పాడుచేసేదే ఎక్కువ. మొక్కజొన్న, వేరుశనగ, వరి చేలలో నష్టం అధికం. ఆడపంది ఒక ఈతలో సాధారణంగా నాలుగు నుండి ఆరు పిల్లలను కనును. అందువలన కొన్నింటిని చంపినంత మాత్రాన మంద త్వరగా తగ్గదు.

మరొక వైపు అవుటర్ రింగు రోడ్డు బొంగులూరు వద్ద ఈ ప్రాంతాన్ని దాటుచున్నది. ఆదిభట్లలో విమాన విడిభాగాల కర్మాగారాలు, సాఫ్ట్‌వేర్ కార్యాలయాలు వెలసినాయి. ఇంజనీరింగు కళాశాలలు, కొత్త లేఅవుట్లు చేల మధ్యకు వచ్చినాయి. నిన్నటి వరకు బీడుగా ఉన్న చోట నేడు ఒక ఇల్లు, అందులో కాపలాదారు కుటుంబం ఉండవచ్చు. ఇక్కడ కాల్చే ప్రతి గుండు ఎక్కడ ఆగుతుందన్న ప్రశ్న, అది పందిని పడగొడుతుందా అన్న ప్రశ్న కంటే చిన్నది కాదు.

ఇదే జిల్లాలోని రాజేంద్రనగర్‌లో వ్యవసాయ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు తుపాకి అవసరం లేని పద్ధతులపై చాలాకాలంగా పరిశోధన చేస్తున్నారు. చేను చుట్టూ ఆముదం లేదా ముళ్ళ కుసుమ వరుసలు వేయడం, వలయాకారపు ముళ్ళకంచె, క్రూరమృగాల అరుపులను వినిపించే పరికరాలు వీటిలో కొన్ని. కాల్పు ఇవి ఫలించని చోట చేపట్టదగిన చివరి మార్గం.

== చట్టం ==
[[వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972]] మొదట లైసెన్సుపై వేటను అనుమతించినది. ఆనాటి 17వ విభాగం తూటాల విషయాన్ని కూడా ప్రస్తావించినది: పెద్ద జంతువులను రైఫిలుతోనే వేటాడవలెను; లైసెన్సులో ప్రత్యేకంగా అనుమతిస్తేనే షాట్‌గన్ వాడవచ్చు, అప్పుడు కూడా ఒకే గుండు గల తూటాలనే వాడవలెను. వాహనం పైనుండి కాల్చడం, విషం, ప్రేలుడు పదార్థాలు, ఉచ్చులు, అనుమతి లేని కృత్రిమ కాంతి కూడా ఆ విభాగం క్రింద నిషేధించబడినాయి. పిల్లలతో ఉన్న ఆడజంతువును చంపరాదని 15వ విభాగం చెప్పినది. 1991 సవరణతో వేట లైసెన్సు పద్ధతియే రద్దు కాగా ఈ విభాగాలు కూడా తొలగించబడినాయి. వేట ఆగినందున వేట నియమాలు అనవసరమని శాసనకర్తలు భావించి ఉండవచ్చు. కాని పంట రక్షణ పేరుతో కాల్పు కొనసాగుచున్నందున, ఆ పాత నియమాలలోని వివేకం నేటికీ ఉపయోగపడును.

ప్రస్తుతం ఆధారమైనది 11వ విభాగం. అడవిపంది పూర్వం మూడవ షెడ్యూలులో ఉండేది. 2023 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చిన 2022 సవరణ చట్టం ప్రకారం అది రెండవ షెడ్యూలులో ఉన్నది. ఈ షెడ్యూలులోని జంతువు మనుషుల ప్రాణానికి గాని, ఆస్తికి గాని, నిలిచి ఉన్న పంటకు గాని ప్రమాదకరంగా మారినదని తృప్తి చెందినపుడు, చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ లేదా ఆయన అధికారమిచ్చిన అధికారి కారణాలను తెలుపుతూ వ్రాతపూర్వకంగా వేటకు అనుమతి ఇవ్వవచ్చును. 2020 దశకపు తొలి సంవత్సరాలలో తెలంగాణ ప్రభుత్వం ఈ అనుమతి అధికారాన్ని గ్రామ సర్పంచుల స్థాయికి తీసుకువచ్చినది. కాల్చే పని మాత్రం అటవీశాఖ జాబితాలోని లైసెన్సు గల షూటర్లది. కేరళ 2022లో స్థానిక సంస్థల అధ్యక్షులకు ఇటువంటి అధికారమే ఇచ్చినది. బీహారు, ఉత్తరాఖండ్, హిమాచల్ ప్రదేశ్ రాష్ట్రాలలో వలె 62వ విభాగం క్రింద కొంతకాలం పాటు కొన్ని జంతువులను హానికర జంతువులుగా కేంద్రం ప్రకటించడం వేరొక మార్గం.

అనుమతి లేకుండా చంపితే మూడు సంవత్సరాల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. అదే చేనులోకి వచ్చిన [[కృష్ణజింక]]పై కాల్చినచో శిక్ష మరింత కఠినం. అది మొదటి షెడ్యూలులోని జంతువు. చీకటిలో టార్చిలైటుకు మెరిసే కళ్ళను చూసి కాల్చే అలవాటు ఇందువలన కూడా ప్రమాదకరమైనది.

తుపాకి విషయం [[ఆయుధాల చట్టం, 1959]] పరిధిలోనిది. ఈ చట్టపు 13వ విభాగం ఆత్మరక్షణకు లేదా క్రీడకు 20 అంగుళాలకు తగ్గని గొట్టం గల నున్నటి గొట్టపు తుపాకులను, పంట రక్షణకు మూతి నుండి మందు కూరే తుపాకులను ప్రత్యేకంగా పేర్కొన్నది. 0.303, 7.62 మి.మీ. వంటి సైనిక బోర్లు నిషిద్ధ బోర్లు. సామాన్య పౌరునికి ఇవి లభించవు. సాధారణ లైసెన్సుపై లభించే వాటిలో 12 బోరు షాట్‌గన్, 0.315, 0.30-06 రైఫిళ్ళు, 0.22 రైఫిలు ముఖ్యమైనవి.

== యుద్ధపు గుండు, వేట గుండు ==
వేట గుండు గురించిన అపోహలలో పెద్దది, రాగి తొడుగు పూర్తిగా కప్పిన సైనిక గుండు శక్తివంతమైనది కనుక వేటకు కూడా మేలైనదని. వాస్తవం దీనికి విరుద్ధం. 1890లలో కలకత్తా సమీపంలోని డమ్‌డమ్ ఆయుధాగారంలో బెర్టీ-క్లే అనే అధికారి కొన వద్ద సీసం బయటకు కనిపించే 0.303 గుండును రూపొందించాడు. శరీరాన్ని తాకగానే కొన పుట్టగొడుగు వలె విచ్చుకొని పెద్ద గాయం చేయుట దాని లక్షణం. మనుషులపై ఇది క్రూరమని 1899 హేగ్ ప్రకటన యుద్ధంలో విచ్చుకొనే గుండ్లను నిషేధించినది. ''డమ్‌డమ్ గుండు'' అన్న పేరు ఆ విధంగా ప్రపంచమంతటా ప్రచారంలోకి వచ్చినది.

వేటలో ఇదే లక్షణం దయ అవుతుంది. యుద్ధంలో గాయపడిన సైనికుని మోసుకుపోయి వైద్యం చేసేవారు ఉంటారు. గాయపడిన పందికి ఎవరూ ఉండరు. తొడుగు గుండు మెత్తని భాగాల గుండా సన్నని రంధ్రం చేసి అవతలికి పోతుంది. పంది పొదలలోకి పారిపోయి గంటల తరబడి, కొన్నిసార్లు రోజుల తరబడి బాధపడి చచ్చును. అవతలికి దూసుకుపోయిన గుండులో ఇంకా చాలా శక్తి మిగిలి ఉంటుంది. హేగ్ ప్రకటన యుద్ధానికే వర్తించును గాని వేటకు కాదు. కావున రైఫిలులో మెత్తని కొన గల విచ్చుకొనే గుండునే ఎంచుకోవలెను.

అన్ని విచ్చుకొనే గుండ్లు ఒకటి కావు. కొన గుల్లగా ఉన్న తేలికపాటి గుండ్లు చిన్న జంతువులకు ఉద్దేశించినవి. బలిసిన మగపంది భుజంపై ఉండే దట్టమైన చర్మపు పొర పైననే అవి పగిలిపోవచ్చు. ఈ పొర మగపందులు పరస్పరం కోరలతో పొడుచుకొనేటపుడు వాటికి డాలు వలె పనిచేయును. దీనిని దాటి ఊపిరితిత్తులను చేరుటకు తగినంత బరువు గల, ఆలస్యంగా విచ్చుకొనే గుండు కావలెను. తొడుగుకు సీసాన్ని అతికించిన గుండ్లు, మధ్యలో రాగి గోడ గల గుండ్లు, పూర్తిగా రాగితో చేసిన గుండ్లు ఇందుకొరకే తయారైనాయి. మధ్యగోడ గుండును 1940లలో అమెరికాకు చెందిన జాన్ నోస్లర్ రూపొందించాడు.

== 12 బోరు తూటాలు ==
గ్రామీణ తెలంగాణలో లైసెన్సు గల తుపాకులలో తరచుగా కనిపించేది 12 బోరు. ఒక పౌను సీసంతో సమానమైన 12 గుండ్లు పోసినపుడు ఒక గుండు పట్టే గొట్టం అని ఈ పేరుకు అర్థం. దాని వ్యాసం సుమారు 18.5 మి.మీ. ఈ తూటాలు పుణె సమీపంలోని ఖడ్కీ కర్మాగారంలో తయారగును. 2021 అక్టోబరు వరకు ఇది ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీ బోర్డు క్రింద ఉండేది, ఆ తరువాత మ్యునిషన్స్ ఇండియా సంస్థలో భాగమైనది.

ఒకే తుపాకిలో ఎన్నో రకాల తూటాలు పట్టుటయే 12 బోరులోని సౌలభ్యం, ప్రమాదం కూడా. పక్షుల కొరకు ఉద్దేశించిన 4, 6 నంబర్ల సన్నని గుళ్ళు పందిని చంపలేవు, చర్మం క్రింద గుచ్చుకొని పుండ్లు పడతాయి. సుమారు 4 మి.మీ. ఉండే బి.బి. గుళ్ళది కూడా ఇదే స్థితి. పందిని బెదిరించుటకు సన్నగుళ్ళు చాలునని కొందరు అనుకొంటారు; ఇది తప్పు, గాయపడిన పందియే మనిషి మీదకు వచ్చును. సుమారు 9 మి.మీ. వ్యాసం గల ఎల్.జి. గుళ్ళు దగ్గరి దూరంలో పనిచేసినను, 25 మీటర్లు దాటిన కొద్దీ చెదిరిపోతాయి. ఒక గుండు గుండెకు, రెండు పొట్టకు, మిగిలినవి ఎక్కడికో పోవును. పక్కన నిలిచిన పిల్లలకు తగిలే అవకాశం కూడా కలదు.

అందువలన ఒకే గుండు గల తూటా ఉత్తమమని 1972 నాటి నియమం చెప్పినదే నేటికీ సరియైనది. సుమారు 28 గ్రాముల గుండు సెకనుకు 450 మీటర్ల వేగంతో వెలువడునపుడు దాని శక్తి 2,800 జౌళ్ళు. నున్నటి గొట్టం నుండి 50 మీటర్ల లోపు దీనిని నమ్మవచ్చును. అయితే తుపాకి మూతి ఇరుకుగా ఉన్నచో ఆ గొట్టానికి తగిన గుండేనా అని ముందుగా చూసుకొనవలెను. కాల్పుకు ముందు లక్ష్యఫలకంపై పరీక్షించుట తప్పనిసరి.

== రైఫిలు తూటాలు ==
0.30-06 రైఫిలులో 150 గ్రెయిన్ల, అనగా 9.7 గ్రాముల గుండు సెకనుకు సుమారు 880 మీటర్ల వేగంతో బయలుదేరును. శక్తి సుమారు 3,750 జౌళ్ళు. పందికి ఇది చాలినంత. ఇషాపూర్ రైఫిలు ఫ్యాక్టరీ తయారుచేసిన 0.315 రైఫిలుకు మెత్తని కొన గల బరువైన గుండు లభించును. వేగం తక్కువైనను వంద మీటర్ల లోపు పందికి తగినది. 0.22 గుండు బరువు 2.6 గ్రాములు, శక్తి 200 జౌళ్ళ లోపు. తలపై గురి చూసి కాల్చితే చాలునని దీనిని సమర్థించేవారు ఉన్నారు గాని, రాత్రిపూట కదిలే తలపై ఆ గురి కుదురుట అరుదు. పందికి 0.22 వాడరాదు.

రైఫిలుకు గల కష్టం దాని దూరం. గురి తప్పిన 0.30-06 గుండు నాలుగు కిలోమీటర్లకు పైగా పోగలదు. చిన్నదిగా తోచే 0.22 గుండు కూడా ఒక కిలోమీటరు దాటును. ఇబ్రహీంపట్నం వైపు చేలలో ఎక్కడ చూసినా నల్లరాతి గుండ్లు, బండలు ఉన్నాయి. వాటిని ఏటవాలుగా తాకిన గుండు దిశ మార్చుకొని ఎటు పోవునో చెప్పలేము. పూర్తి రాగి గుండు, తొడుగు గుండు ఇట్లు జారిపోవుటకు ఎక్కువ అవకాశం కలదు. విచ్చుకొనే సీసపు గుండు చాలావరకు పగిలిపోయినను, అది కూడా పూర్తిగా సురక్షితం కాదు.

ఈ సమస్యకు రైతులకు తరతరాలుగా తెలిసిన [[మంచె]] సమాధానం కాగలదు. పంట కాపలాకు వేసే మంచె మీద నుండి క్రిందికి కాల్చినపుడు గుండు మెత్తని దుక్కి నేలలోకి పోవును. జంతువు వెనుక మట్టి కనిపించనపుడు, అనగా గట్టు మీద ఆకాశానికి ఎదురుగా పంది నిలిచినపుడు, ఏ రకపు తూటాతోనైనా కాల్చరాదు. గురి ముందుకాలి వెనుక, శరీరపు క్రింది మూడవ భాగంలో ఉండవలెను. పందికి గుండె, ఊపిరితిత్తులు చూచువారు అనుకొన్నదానికంటే క్రిందుగాను, ముందుకును ఉంటాయి.

== నాటు తుపాకులు, ఇతర పద్ధతులు ==
నాటు తుపాకిలో ఇనుప ముక్కలు, సైకిలు బేరింగు గుండ్లు, మేకులు కూరి కాల్చుట నేరమే కాక క్రూరం కూడా. వీటికి నిలకడైన దిశ ఉండదు. గొట్టం పేలి కాల్చినవాని చేయి పోయే ప్రమాదం కలదు. పిండిలో దాచిన నాటుబాంబు పంది దవడను చీల్చును గాని వెంటనే చంపదు. దానినే ఆవులు, కుక్కలు కూడా కొరుకును. చేను చుట్టూ కరెంటు తీగ వేయుట వలన పందులకంటే ముందు రైతులు, కూలీలు మరణించిన సంఘటనలు తెలుగునాట ఏటేటా జరుగుచున్నాయి.

== సీసం, కళేబరం ==
విచ్చుకొనే సీసపు గుండు వేగంగా తాకినపుడు కంటికి కనిపించని రేణువులుగా విడిపోయి గాయం చుట్టూ చాలా దూరం వ్యాపించును. ఆ మాంసం తిన్న జంతువులకు, పక్షులకు సీసపు విషం ఎక్కును. కాండోర్ రాబందులు ఈ విధంగా మరణించుటతో అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రం 2019 జులై 1 నుండి వేటలో సీసపు తూటాలను పూర్తిగా నిషేధించినది. డెన్మార్క్ 2024 ఏప్రిల్ నుండి రైఫిలు తూటాలలో కూడా సీసాన్ని నిషేధించినది. భారతదేశంలో రాబందుల క్షీణతకు ప్రధాన కారణం పశువులకు వాడిన డైక్లోఫెనాక్ మందు, దానిని పశువైద్యంలో 2006లో నిషేధించారు. అయినను బెజ్జూరు అడవులలోని పాలరాపు గుట్ట వంటి చోట మిగిలిన కొద్ది రాబందుల దృష్ట్యా సీసం గుచ్చుకొన్న కళేబరాన్ని ఆరుబయట వదలరాదు.

చంపిన పంది కాల్చినవానిది కాదు, చేను యజమానిది కూడా కాదు. 39వ విభాగం ప్రకారం 11వ విభాగం క్రింద వేటాడబడిన జంతువు రాష్ట్ర ప్రభుత్వపు ఆస్తి. మాంసం పంచుకొనుట, అమ్ముట నేరం. కళేబరాన్ని అటవీ సిబ్బందికి చూపి, వారి సమక్షంలో లోతైన గోతిలో పూడ్చివేయుట గాని దహనం చేయుట గాని జరగవలెను. గాయపడి పారిపోయిన పంది విషయంలో నెత్తుటి జాడను అనుసరించి వెదకుట కాల్చినవాని బాధ్యత. చీకటిలో పొదల లోపలికి ఒంటరిగా పోక, తెల్లవారిన తరువాత ఇద్దరు ముగ్గురు కలిసి, మరొక తూటా సిద్ధంగా ఉంచుకొని వెళ్ళుట మేలు.