పేకాడే కుక్కలు

బల్ల చుట్టూ కుక్కలు కూర్చుని, పైపులు కాలుస్తూ పేకాడే బొమ్మ మీరు ఎక్కడో చూసే ఉంటారు. దాన్ని గీసినాయన కాసియస్ మార్సెలస్ కూలిడ్జ్, 1844లో న్యూయార్క్ రాష్ట్రంలో పుట్టాడు. 1903లో బ్రౌన్ అండ్ బిగెలో అనే కంపెనీ ఆయన చేత కుక్కల బొమ్మలు 16 వేయించుకుంది. దేనికనుకున్నారు? ప్రకటనల క్యాలెండర్లకి! మన కొట్లవాళ్లు ఏటా ఇస్తారే, అలాంటివే. అందుకేనేమో, చాలామంది విమర్శకులు వాటిని కళ అనలేదు.

వాటిలో ఒక జత నాకు భలే ఇష్టం. మొదటిదాంట్లో ఒక సెయింట్ బెర్నార్డ్, మొహంలో ఏమీ తెలియనివ్వకుండా కూర్చుంది. చేతిలో చూస్తే ఒట్టి రెండు అంకె ముక్కలు ఒక జత, అంతే! రెండోదాంట్లో పందెం డబ్బంతా దానిదే. మిగతా కుక్కల మొహాలు చూడాలి మీరు. ఒక్క మాట రాయకుండా కథంతా చెప్పేశాడు.

ఇంకో బొమ్మలో బుల్‌డాగ్ ఒకటి బల్ల కింద, కాలితో పక్కదానికి ఆసు అందిస్తుంటుంది. ఆ దొంగతనం చూసేది మనమే.

ఆ జత బొమ్మలు 2005లో న్యూయార్క్ వేలంలో 5,90,400 డాలర్లు పలికాయి. కూలిడ్జ్ 1934లోనే పోయాడు.