బళ్ళారి మజిలీ

బళ్ళారిని, మద్రాసును కలుపుచు పటముమీద సరళరేఖ గీచినచో, అది అనంతపురము చెంతగా, ధర్మవరమునకు కొంత ఉత్తరముగా సాగును. పెనుకొండ కొండపై నిలిచి ఉత్తరదిక్కు చూచినపుడెల్ల మాకు ఈ రేఖయే జ్ఞప్తికి వచ్చును. మన దేశపు తొలి తపాలా విమానములలో ఒకదాని మార్గమునందు బళ్ళారి ఒక మజిలీ.

1932 అక్టోబరు 15వ తేదీన జె.ఆర్.డి. టాటాగారు పుస్ మోత్ అను చిన్న విమానములో ఉత్తరముల సంచులతో కరాచీ విడిచి, అహమ్మదాబాదు మీదుగా బొంబాయి చేరిరి. అచటినుండి నెవిల్ విన్సెంటుగారు బళ్ళారి మీదుగా మద్రాసునకు సాగిరి. బొంబాయికిని మద్రాసునకును నడుమ దూరము వేయి కిలోమీటర్లకు పైమాట. ఒంటి ఇంజనుగల ఆ విమానము నడుమ దిగి ఇంధనము నింపుకొననిదే అంతదూరము పోజాలదు. బళ్ళారికి ఆ భాగ్యము పట్టినది ఊరి గొప్పతనమువలన కాదు. విమానపు టాంకి చిన్నదగుటవలన.

విమానసంస్థలు ఏ విమానమును ఎందులకు కొనును? ధర్మవరపు వర్తకుడు పది పట్టుచీరల మూటకు లారీ కట్టడు. హిందూపురపు అంగడివారు చింతపండు బస్తాలను సైకిలుపై పంపరు. విమానముల లెక్కయు ఇంతే. దూరమెంత, ఎక్కువారెందరు, దిగుచోటు ఎంత పొడవు, ఇంధనమునకు, మరమ్మతునకు ఎంత వ్యయము అనునవే ప్రశ్నలు.

నిజాము ప్రభుత్వ రైల్వేయు, టాటాలును కలిసి 1945లో హైదరాబాదున స్థాపించిన డెక్కన్ ఎయిర్‌వేస్ బేగంపేటనుండి డకోటాలను నడిపెను. యుద్ధముకొరకు వేలకొలది తయారైన ఈ విమానములు, యుద్ధము ముగియగనే మిగులు సామగ్రిగా చౌకకు లభించెను. ఇవి రెండు ఇంజనులు గలవి, పొట్టి నేలపై దిగగలవి. వీనిని బాగుచేయు నేర్పరులును అప్పటికే ఉండిరి. 1953 ఆగస్టు 1న ఎనిమిది సంస్థలు కలిసి ఇండియన్ ఎయిర్‌లైన్స్ అయినపుడు, దాని విమానములలో డకోటాలే అధికము.

పిదప 1957లో వైకౌంటు, 1961లో ఫాకర్ ఫ్రెండ్‌షిప్, 1964లో కారవెల్ అను జెట్టు, 1976లో ఎయిర్‌బస్ వచ్చెను. వేగము పెరిగెను, ఆసనములు పెరిగెను. కాని పెద్ద విమానమునకు పొడవైన రన్‌వే వలయును. ప్రతిదినము ఆసనములు నిండవలయును. నడుమ దిగవలసిన అగత్యము దానికి లేదు. విమానము పెద్దదైన కొలది చిన్న ఊరు దానికి దూరమయ్యెను.

2003లో బెంగుళూరునుండి ఎయిర్ డెక్కన్ సంస్థ ఏటీఆర్ అను చిన్న విమానములతో బయలుదేరుట ఈ చరిత్రలో ఒక మలుపు. రెక్కకొక పంకా తిరుగు ఈ విమానము కొద్దిదూరములకు జెట్టుకంటె తక్కువ ఇంధనము త్రాగును. 2015లో కడపకు బెంగుళూరునుండి వచ్చినదియు ఏటీఆరే.

పుట్టపర్తియందు 1990లోనే విమానాశ్రయము వెలసెను. 2022లో ఏర్పడిన శ్రీ సత్యసాయి జిల్లాలో అదియు, మన మూడు పట్టణములును కలవు. అయినను 2008లో దేవనహళ్ళిలో పెద్ద విమానాశ్రయము తెరచిన పిమ్మట, హిందూపురమువారికి అదియే దగ్గరిదారి అయ్యెను. ఇరుగున పెద్ద సంత ఉండగా ఊరిలో చిన్న అంగడి నిలుచుట కష్టమే కదా!

కావున విమానాశ్రయము కావలెనని కోరు పట్టణము రన్‌వేను మాత్రమే లెక్కించిన చాలదు. ఏ విమానము రాగలదు, దానిని దినదినము నింపగలమా అని ముందుగా తన్ను తాను ప్రశ్నించుకొనవలెను. నాడు బళ్ళారిని మజిలీ చేసినది చిన్న విమానమే. మన సీమ పట్టణములకు రేపు ఆకాశమార్గము తెరచునదియు, మా తలంపున, చిన్న విమానమే.