నువ్వుగింజ ఊరు దాటిన కథ

ఉత్తర తెలంగాణ చరిత్ర అనగానే ఎలగందుల కోట, సింగరేణి బొగ్గు గుర్తుకొస్తాయి. నేను మాత్రం నువ్వుగింజను గురించి రాయదలచాను.

ఒకప్పుడు కరీంనగర్, ఆదిలాబాద్ పల్లెల్లో నువ్వులను ఊరి గానుగలోనే ఆడించేవారు. నూనె ఇంటికి, తెలకపిండి ఎడ్లకు. ఆపైన 1869లో సూయజ్ కాలువ తెరుచుకుంది. ఐరోపా సబ్బుల, యంత్రాల పరిశ్రమలకు మన నూనెగింజలు కావలసివచ్చాయి. ఇరవయ్యో శతాబ్దపు తొలినాళ్ళకే మన్మాడ్ రైలు బాసర మీదుగా నడిచింది. తరువాత కాజీపేట–బల్లార్షా మార్గం పెద్దపల్లి, మంచిర్యాలలను కలిపింది.

గింజకు దారి దొరికింది గాని, ధర చెప్పే హక్కు రైతుకు దక్కలేదు. అప్పిచ్చిన సావుకారే కల్లంలో పంట కొలుచుకునేవాడు.

స్వాతంత్ర్యానంతరం 1986లో నూనెగింజల సాంకేతిక మిషన్ వచ్చింది. జగిత్యాల పొలాస పరిశోధన కేంద్రం 'శ్వేత తిల్', 'హిమ' వంటి తెల్ల నువ్వుల రకాలనిచ్చింది. ఎగుమతికి తెల్లగింజే ముద్దు. శ్రీరాంసాగర్ నీళ్ళతో వేసవిలోనూ నువ్వు పండింది.

అయినా పాత చిక్కు తీరలేదు. 2020లో భారతదేశపు నువ్వుల్లో ఇథిలీన్ ఆక్సైడ్ అవశేషాలు బయటపడి, ఐరోపా సమాఖ్య తనిఖీలు కఠినం చేసింది. అది సూక్ష్మజీవులను చంపడానికి వాడే వాయువు. రైతు చేలో చల్లే మందు కాదు. గింజ చేయి దాటాక జరిగిన తప్పు అది. కానీ గిరాకీ తగ్గితే ఆ దెబ్బ చేను దాకా వస్తుంది.

అందుకే నా అభిప్రాయం ఇది: ఎగుమతి ప్రోత్సాహం రేవులో కాదు, మార్కెట్ యార్డులో మొదలు కావాలి. అక్కడే గింజను శుభ్రపరచి, నాణ్యత తేల్చి, దానికి తగ్గ ధర కట్టాలి. అప్పుడే ఊరు దాటిన నువ్వు ఊరికి మేలు చేస్తుంది. మీరేమంటారు?