గేరు జారడం: మరమ్మతు జ్ఞానంలో వచ్చిన మార్పు

మెట్టుగూడ పక్కనున్న లాలాగూడ రైల్వే వర్క్‌షాపు 1893 నాటిది. 1932 జూన్‌లో నిజాం రాష్ట్ర రైల్వే 27 బస్సులతో రోడ్డు రవాణాను కూడా ప్రారంభించింది. ఆనాటి ఆల్బియన్ బస్సుల్లో గేర్లను డ్రైవరే చేత్తో మార్చేవాడు. అలాంటి బండిలో ఇంజను అరుస్తున్నా వేగం పెరగకపోతే ముందు క్లచ్ ప్లేటునే అనుమానించాలి.

1940 మోడల్ ఓల్డ్స్‌మొబైల్ కార్లలో జనరల్ మోటార్స్ ఆటోమేటిక్ గేర్‌బాక్సును ప్రవేశపెట్టింది. ఇందులో క్లచ్ పెడల్ ఉండదు; లోపలి క్లచ్‌లను నూనె ఒత్తిడే బిగించి పట్టుకుంటుంది. చరిత్ర పాఠంలో ఈ నూనె గొడవ ఎందుకని మీరడగవచ్చు. యంత్రం మారినప్పుడు పనివాడి పాత అనుభవం ఎంతవరకు పనికివస్తుందన్నది చరిత్రకారుడు వేయవలసిన ప్రశ్నే.

బరువుతో ఎత్తు ఎక్కుతున్న ఆటోమేటిక్ పికప్ ట్రక్కులో గేరు జారిందనుకోండి. పాత అలవాటుతో వెంటనే గేర్‌బాక్సు విప్పిస్తే, బండి మీద బతికే యజమానికి ఆ ఖర్చు వృథా కావచ్చు. ముందు నూనె మట్టం చూడాలి. ఈ నూనె ఇంజనులో మండి ఖర్చయ్యేది కాదు. తగ్గిందంటే ఎక్కడో కారుతున్నట్లే. కారుడు ఆపి, సరైన రకం నూనె నింపితే చాలాసార్లు బండి మళ్లీ లాగుతుంది. నూనె నల్లబడి మాడు వాసన వస్తుంటే మాత్రం క్లచ్ పొరలు కాలిపోయి ఉంటాయి. అప్పుడు నూనె, ఫిల్టరు మార్చినంత మాత్రాన లాభం లేదు, గేర్‌బాక్సు విప్పవలసిందే.