తిరుగు బాడుగ

ధాన్యం బస్తాలు వేసుకొని పట్నం మిల్లుకు వెళ్ళిన బండివాడు ఉత్త బండి తోలుకొని ఇంటికి రావడానికి ఇష్టపడడు. ఎడ్లు ఎట్లాగూ నడవవలసినదే. వాటి మేత ఖర్చు ఎట్లాగూ తప్పనిదే. కనుక ఉప్పు బస్తాయో, కిరసనాయిలు డబ్బాయో, ఏది దొరికితే అది, ఇచ్చినంత తీసుకొని బండిలో వేసుకొంటాడు. ఆ తిరుగు బాడుగ ఎంత స్వల్పమైనా అతనికి లాభమే. బాటమీద బండికి వర్తించే ఈ సూత్రమే ఆకాశంలో విమానానికి కూడా వర్తించి, అట్లాంటిక్ మహాసముద్రంలోని ఒక చేప జాతకాన్ని తలక్రిందులు చేసినది. ఆ చరిత్రయే నేటి ప్రసంగ విషయం.

ముందుగా ఒక భేదం గుర్తించవలసి వున్నది. గడ్డకట్టించిన ఆహారానికి విమానంతో అంతగా పనిలేదు. 1882 ఫిబ్రవరిలో న్యూజీలండు నుంచి 'డునెడిన్' అనే తెరచాప ఓడ, లోపల శీతలయంత్రం పెట్టుకొని బయలుదేరి, సుమారు 5000 గొర్రెల మాంసాన్ని 98 రోజులలో లండన్ చేర్చినది. గడ్డకట్టిన సరకుకు తొందర లేదని ఆనాడే రుజువైనది. మన కోస్తా చెరువులలో పెరిగే రొయ్యలు సైతం ఈనాడు గడ్డకట్టించిన రూపంలో ఓడలమీదనే అమెరికాకు వెళ్ళుచున్నవి. విమానం కావలసినది, గడ్డకట్టిస్తే విలువ పోగొట్టుకొనే వస్తువుకు. కోసిన పువ్వు అటువంటిది. పక్వానికి వచ్చిన పండు అటువంటిది. వండకుండా పచ్చిగా తినే చేప అన్నింటికంటె ఎక్కువగా అటువంటిది.

రెండవ ప్రపంచ యుద్ధంలో చితికిపోయిన జపాను, 1960 తర్వాతి దశాబ్దంలో కెమెరాలు, ఎలక్ట్రానిక్ సామగ్రి తయారుచేసి అమెరికాకు పంపసాగినది. ఇవి తేలికైనవి, విలువైనవి. కాబట్టి విమానం బాడుగ భరించగలిగినవి. టోకియోనుంచి విమానాలు నిండుగా వెళ్ళేవి. తిరిగి వచ్చేటప్పుడు వాటి కడుపులు బోలుగా వుండేవి. అమెరికా జపానుకు అమ్మే గోధుమలు, బొగ్గు, కలప విమానమెక్కే సరకులు కావు గదా! జపాన్ ఎయిర్‌లైన్స్ సంస్థకు ఇది పెద్ద చిక్కు. ఆ సంస్థ సరకుల శాఖలో పనిచేసే అకిరా ఒకాజకి అనే ఉద్యోగి, ఉత్తర అమెరికాలో దొరికి, జపానులో ఖరీదు పలికి, త్వరగా చెడిపోయే వస్తువు ఏదైనా వున్నదా అని వెదకసాగినాడు. త్వరగా చెడిపోవడమే యోగ్యతగా ఒక వర్తకుడు సరకును వెదకడం లోకంలో అరుదు.

అతని అన్వేషణ కెనడా తూర్పు తీరాన గల ప్రిన్స్ ఎడ్వర్డ్ ద్వీపంలో ఫలించినది. అక్కడ నార్త్ లేక్ అనే చిన్న రేవులో, ధనవంతులు వేసవికాలంలో వినోదానికై బ్లూఫిన్ ట్యూనా చేపలను గాలాలతో పట్టేవారు. మన కోస్తా జాలరులు 'సూర' అనే చేపలకు ఇది దగ్గర చుట్టమే. కాని పరిమాణంలో పోలికే లేదు. 1979లో నోవా స్కోషియా తీరాన గాలానికి చిక్కిన ఒక బ్లూఫిన్ 679 కిలోలు తూగినది. వేటగాడు చేపను ప్రక్కన వ్రేలాడదీసి ఫోటో తీయించుకొని వెళ్ళిపోయేవాడు. మిగిలిన కళేబరం చెత్తదిబ్బకు పోయేది. లేదా గోతిలో పూడ్చేవారు. లేదా పౌనుకు కొద్ది సెంట్ల ధరకు పిల్లుల ఆహారంగా అమ్మేవారు.

ఇక్కడ ఒక చమత్కారం వున్నది. జపానులో సైతం ఈ చేపకు పూర్వం గౌరవం లేదు. మంచుగడ్డ లేని రోజులలో దాని కొవ్వు భాగం త్వరగా చెడిపోయేది. అది పిల్లి కూడా దాటిపోయే పదార్థమని అక్కడివారు ఈసడించేవారు. యుద్ధానంతరం శీతల యంత్రాలు వచ్చి, పశుమాంసం అలవాటై, నాలుకకు కొవ్వు రుచి తెలిసిన తర్వాతనే 'తోరో' అనే ఆ పొట్ట మాంసం అపురూపమైనది. అంటే, ఒక ఖండంలో పిల్లికి వేసినది, మరొక దేశంలో పిల్లికే పనికిరానిదనిపించుకొన్నది, ఒక తరం గడిచేసరికి శ్రీమంతుల పళ్ళెరం చేరినది. రుచులు అనాదిసిద్ధాలని మనం అనుకొంటాము. చాలాసార్లు అవి మన తాతలకు తెలియనివే.

ఈ చేపను పంపడం సులభమేమీ కాదు. చాలా చేపలవలె కాక, బ్లూఫిన్ తన శరీరాన్ని చుట్టూ వున్న నీటికంటె వెచ్చగా వుంచుకొంటుంది. గాలానికి చిక్కి గంటలకొద్దీ పెనుగులాడితే ఆ వేడి మరింత పెరుగును. ఒడ్డుకు చేరగానే రక్తం పోనిచ్చి, పేగులు తీసి, మంచులో చల్లార్చకపోతే మాంసం ఉడికినట్లయి రంగు మారిపోతుంది. ఆపైన పెట్టె సమస్య. మనిషంత పొడవైన చేపకు శవపేటికవంటి పెట్టె కావలెను. అది లోపలి చలిని బయటకు పోనీయరాదు. కరిగిన ఉప్పునీటిని ఒక్క చుక్క కూడా కారనీయరాదు. ఉప్పునీరు విమానపు లోహాన్ని తినివేస్తుంది.

ఇన్ని ఏర్పాట్లూ కుదిరి, 1972 వేసవిలో ప్రిన్స్ ఎడ్వర్డ్ ద్వీపంలో పట్టిన అయిదు చేపలు లారీమీద న్యూయార్క్ విమానాశ్రయానికీ, అక్కడినుంచి విమానంలో టోకియోకూ ప్రయాణం చేసినవి. ఆగస్టు నెలలో ఒక ఉదయాన త్సుకిజీ అంగడిలో వాటిని వేలం వేశారు. ఆ అంగడి 1935లో వెలసినది. 2018లో తొయోసుకు తరలిపోయినది. తెల్లవారకముందే వర్తకులు చేతిదీపాలు పట్టుకొని, తోక దగ్గర కోసిన చోట మాంసాన్ని వ్రేళ్ళ మధ్య నలిపి, కొవ్వు పరీక్షించి పాట పాడుతారు. ప్రపంచపు ఆవలి కొసనుంచి వచ్చిన చేపలకు కూడా కొనేవారు దొరికినారు. ఆనాటినుంచి సముద్రపు దూరానికి విలువ తగ్గిపోయినది.

కాలం కూడా కలిసివచ్చినది. 1971 వరకు డాలరుకు 360 యెన్‌లు; ఆ సంవత్సరాంతానికి 308. జపాను డబ్బు బలపడిన కొలదీ పరదేశపు చేప చవుక అయినది. పెద్ద విమానాలు వచ్చి చోటు పెరిగినది. కెనడా, అమెరికా రేవులలో జపాను కొనుగోలుదారులు వచ్చి నిలబడి, చేపను ఎట్లా చంపవలెనో, ఎట్లా చల్లార్చవలెనో జాలరులకు నేర్పసాగినారు. ఒకప్పుడు గోతిలోకి పోయిన చేప, ఒక జాలరి కుటుంబానికి పడవ అప్పు తీర్చగల సొమ్మయినది. ఆ మేలును తక్కువగా చూడడం న్యాయం కాదు. ఆ చలిదేశపు పల్లెలలో వేసవి కొద్దికాలం. ఏడాది తిండి అంతలోనే సంపాదించుకోవలెను.

అయితే లెక్కలో రెండవ వైపు సముద్రం వున్నది. చేపకు ధర వచ్చిన తర్వాత పడవలు పెరిగినవి. పడవలు పెరిగిన తర్వాత చేప తగ్గినది. అట్లాంటిక్ ట్యూనా రక్షణకు 1969 నుంచే ఒక అంతర్జాతీయ సంఘం వున్నప్పటికీ, పశ్చిమ అట్లాంటిక్‌లో వేటకు గట్టి పరిమితి విధించడం 1982 వరకు జరగలేదు. 2010 మార్చిలో దోహాలో జరిగిన సమావేశంలో, ఈ చేప అంతర్జాతీయ వ్యాపారాన్నే నిషేధించవలెనని మొనాకో అనే చిన్న రాజ్యం ప్రతిపాదించినది. అనుకూలంగా 20 దేశాలు, ప్రతికూలంగా 68 దేశాలు ఓటు వేసినవి. 30 దేశాలు తటస్థంగా వున్నవి. ప్రతిపాదన వీగిపోయినది. జపాను దానిని ఎదిరించడంలో ఆశ్చర్యం లేదు. కెనడా కూడా ఎదిరించినది. తిరుగు బాడుగకోసం పుట్టిన వ్యాపారం రెండు ప్రభుత్వాల విధానంగా మారడానికి నలభై ఏళ్ళు కూడా పట్టలేదు.

తర్వాతి కాలంలో పరిమితులు బిగిసినవి. శాస్త్రజ్ఞుల మాట కొంత చెల్లినది. 2021లో ప్రకృతి రక్షణ సంఘం ఈ జాతిని ప్రమాదస్థితిలోని ప్రాణుల జాబితానుంచి తొలగించినది. కాని అది ప్రధానంగా తూర్పు అట్లాంటిక్, మధ్యధరా సముద్రాల మందలు కోలుకొన్నందువల్ల. పశ్చిమపు మంద పూర్వపు సంఖ్యకు చాలా దూరంలోనే వున్నదని ఆ సంఘమే చెప్పినది. జపాన్ ఎయిర్‌లైన్స్ సంస్థ 2010లో దివాలా స్థితికి వచ్చి, కేవలం సరకులకై నడిపే విమానాలను ఆ సంవత్సరమే మాన్పివేసినది. 2024లో తిరిగి ప్రారంభించినది. మధ్యకాలంలో ఆ సంస్థ సరకు ప్రయాణికుల విమానాలలోనే, వారి కాళ్ళక్రింది అరలో, వెళ్ళినది.

ప్రిన్స్ ఎడ్వర్డ్ ద్వీపంలో వేసవి రాగానే పడవలు ఇప్పుడు కూడా బయలుదేరుచున్నవి. ఒకప్పుడు ఫోటో తీసి గోతిలో పూడ్చిన ఆ తీరాననే, పట్టిన ప్రతి చేపకు అంకె వేసిన బిళ్ళ ఒకటి తగిలించవలెను. బిళ్ళలు అయిపోయిన జాలరికి ఆ ఏటికి వేట ముగిసినట్లే.